పక్క ప్రాసెస్ మెమరీలో చెయ్యి పెట్టాలంటే

నేను రాసిన ప్రోగ్రామ్ ఒకటి మధ్యలో బిగుసుకుపోయింది. సీపీయూ వాడటం లేదు, చావడం లేదు, లాగ్‌లో కొత్త లైను పడటం లేదు. ఇలాంటప్పుడు ఎవరైనా చేసే పనే చేశాను. ఇంకో టెర్మినల్ తెరిచి, జీడీబీ అనే డీబగ్గర్‌కు (నడుస్తున్న ప్రోగ్రామ్ లోపల ఏం జరుగుతోందో చూపించే పనిముట్టు) ఆ ప్రాసెస్ నంబరిచ్చి, అంటే నడుస్తున్న ఆ ప్రోగ్రామ్ నంబరిచ్చి, అటాచ్ అవ్వమన్నాను. "ఆపరేషన్ నాట్ పర్మిటెడ్" అని ఒక్క ముక్కలో తేల్చేసింది. మెషీన్ నాది, లాగిన్ నాది, ప్రోగ్రామ్ రాసింది నేను, నడిపించింది నేను. జీడీబీ కూడా నా పేరుమీదే నడుస్తోంది. ఇంకెవరి పర్మిషన్ కావాలి?

అప్పటికి ఒళ్లు మండింది కానీ, తర్వాత నిదానంగా ఆలోచిస్తే ప్రశ్నను తిరగేసి వేసుకోవాలనిపించింది. నా పేరుమీద నడిచే ప్రతి ప్రోగ్రామూ నా పేరుమీదే నడిచే మిగతావాటి కడుపులోకి చూడగలిగితే ఏమవుతుంది? బ్రౌజర్‌లో తెరిచి ఉంచిన బ్యాంకు పేజీ, పాస్‌వర్డ్ మేనేజర్, వేరే మెషీన్లలోకి లాగిన్ అవ్వడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ కీలు పట్టుకుని కూర్చున్న ఏజెంట్, అన్నీ నా పేరుమీదే నడుస్తాయి. నిన్న ఎక్కడినుంచో దించుకున్న ఊరూపేరూ లేని యుటిలిటీ కూడా నా పేరుమీదే నడుస్తుంది. యూనిక్స్ కుటుంబంలో చాలా ఏళ్లపాటు ఇలా చూడగలగడం మామూలు విషయమే. కాబట్టి ఆ రోజు జీడీబీని ఎందుకు ఆపారన్నది చిన్న ప్రశ్న. అసలు ఎవరినైనా ఎందుకు రానిస్తారు, రానిచ్చేముందు కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) ఏం చూస్తుంది, ఆ చూడటంలో ఎక్కడ దెబ్బతింది అన్నది పెద్ద ప్రశ్న. ఇక్కడ ముఖ్యంగా లినక్స్ గురించే చెప్తాను.

గోడ లేదు, దారే లేదు

ప్రాసెస్‌ల మధ్య గోడ ఉంటుందని పాఠాల్లో చెప్తారు. నిజానికి అక్కడ గోడలాంటిదేమీ లేదు. ప్రతి ప్రాసెస్‌కీ సొంత పేజ్ టేబుల్ ఉంటుంది. ప్రోగ్రామ్ వాడే అడ్రస్‌ను అసలు ర్యామ్‌లోని చోటుకు మార్చిచెప్పే పట్టిక అది. రెండు ప్రాసెస్‌లు ఒకే అడ్రస్ చదివినా, ఎవరి పట్టిక ప్రకారం వాళ్లకు వేరే వేరే చోట్లు దొరుకుతాయి. పక్కవాడి మెమరీని చూడాలనుకున్నా, దాన్ని ఏ అడ్రస్‌తో పిలవాలో నా ప్రాసెస్‌కు తెలియదు. అలాంటి అడ్రస్ నా పట్టికలో ఉండదు కూడా. పేరే లేనిదాన్ని అడగలేం కదా.

కెర్నెల్ సంగతి వేరు. అందరి పట్టికలూ దాని దగ్గరే ఉంటాయి. 64 బిట్ మెషీన్ మీద సాధారణంగా ర్యామ్ మొత్తం కెర్నెల్ సొంత అడ్రస్‌లలో ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటుంది. పక్క ప్రాసెస్ మెమరీ కావాలని దాన్ని అడిగితే చేసే పని చాలా సులువు: అవతలి ప్రాసెస్ పేజ్ టేబుల్ తీసి, మనం చెప్పిన అడ్రస్ ఏ పేజీలో (మెమరీని పంచే చిన్న ముక్కను పేజీ అంటారు) ఉందో వెతికి, ఆ పేజీ కదిలిపోకుండా పట్టుకుని, బైట్లు కాపీ చేసి మన చేతిలో పెట్టడమే. కాపీ చేయడంలో పెద్ద విద్యేమీ లేదు. తలనొప్పంతా చేయాలా వద్దా అన్న దగ్గరే.

అసలు ఇలా అడగాల్సిన అవసరం ఎవరికి? డీబగ్గర్లకని అందరికీ తెలుసు. ఎస్‌ట్రేస్ అనే పనిముట్టును తీసుకోండి. ఒక ప్రోగ్రామ్ ఏ ఫైళ్లు తెరుస్తోందో అది చూపిస్తుంది. ఓపెన్ అనే సిస్టమ్ కాల్‌కు (కెర్నెల్‌ను పని అడిగే పిలుపు) ప్రోగ్రామ్ ఇచ్చేది ఫైలు పేరు కాదు, పేరు ఉన్న చోటి అడ్రస్. ఆ అడ్రస్ అవతలి ప్రాసెస్‌ది. ఎస్‌ట్రేస్ తెర మీద ఫైలు పేరు కనిపించిందంటే, అది పక్క ప్రాసెస్ మెమరీలోకి వెళ్లి ఆ అక్షరాలు తెచ్చుకుందన్నమాట. ప్రతి లైనుకూ ఇదే పని. ప్రొఫైలర్లు, క్రాష్ రిపోర్టర్లు, నడుస్తున్న ప్రాసెస్‌ను యథాతథంగా ఫైల్లోకి దించి తర్వాత లేపే చెక్‌పాయింట్ పనిముట్లు, వీటన్నిటి బతుకూ ఇదే. అందుకే తలుపు పూర్తిగా మూసేయడం కుదరదు.

మూడు తలుపులు

లినక్స్‌లో లోపలికి వెళ్లడానికి మూడు తలుపులున్నాయి. ఒక్కోటీ ఒక్కో కాలంలో పెట్టింది.

అన్నిటికన్నా పాతది పీట్రేస్. 1975లో వచ్చిన యూనిక్స్ ఆరో ఎడిషన్‌లోనే ఇది ఉంది. ఒక ప్రాసెస్ ఇంకోదాన్ని పట్టుకుని ఆపగలదు, రిజిస్టర్లు చూడగలదు, మెమరీ చదవగలదు, మార్చగలదు. కాకపోతే ఒక్కో కాల్‌కు ఒక్క వర్డే ఇస్తుంది. 64 బిట్ మెషీన్ మీద 8 బైట్లు. ఒక్క మెగాబైట్ చదవాలంటే 1,31,072 సార్లు కెర్నెల్ గడప తొక్కాలి. చెంచాతో బావి తోడినట్టు ఉంటుంది.

రెండోది ప్రాక్ డైరెక్టరీలో ప్రతి ప్రాసెస్ నంబరు కిందా కనిపించే మెమ్ అనే ఫైలు. ప్రాసెస్‌లను ఫైళ్లుగా చూపించాలన్న ఆలోచనను టామ్ కిలియన్ ఎనిమిదో ఎడిషన్ యూనిక్స్‌లో అమలుచేసి, 1984లో దాని మీద పేపర్ రాశాడు. ఫైలు ఆఫ్‌సెట్టే మెమరీ అడ్రస్. తెరిచి, కావాల్సిన చోటికి సీక్ చేసి, చదువుకోవడమే. చూడటానికి ఎంతో ముచ్చటగా ఉంటుంది. కెర్నెల్ చరిత్రలో చాలా గొడవలకు కారణమైందీ ఈ ముచ్చటైన ఫైలే.

మూడోది 2012 జనవరిలో లినక్స్ 3.2తో వచ్చిన ప్రాసెస్ వీఎం రీడ్‌వీ, దానికి జోడీ రైట్‌వీ. ఇది డీబగ్గింగ్ కోసం పుట్టలేదు. ఒకే మెషీన్ మీద నడిచే సూపర్‌కంప్యూటింగ్ ప్రాసెస్‌లు పెద్ద పెద్ద డేటా ముక్కల్ని ఒకదానికొకటి ఇచ్చుకోవడం కోసం పుట్టింది. మధ్యలో షేర్డ్ మెమరీ పెట్టుకుంటే ఒకసారి అందులోకి, ఇంకోసారి అందులోంచి అని రెండు కాపీలు పడతాయి. నేరుగా తీసుకుంటే ఒక్కటితో సరిపోతుంది. ఆ ఒక్క కాపీ ఆదా కోసం కెర్నెల్‌లో కొత్త సిస్టమ్ కాల్ పడింది.

తలుపులు మూడైనా కాపలావాడు ఒక్కడే ఉండాలి. ఒక తలుపు దగ్గర ఒక రూలు, ఇంకో తలుపు దగ్గర ఇంకోటి ఉంటే, లోపలికి రావాలనుకున్నవాడు మెత్తగా ఉన్నదాన్నే ఎంచుకుంటాడు. అందుకే ఈ మూడూ చివరికి కెర్నెల్‌లోని ఒకే ఫంక్షన్ దగ్గరికి వస్తాయి. దాని పేరు పీట్రేస్ మే యాక్సెస్. పీట్రేస్ ఊసే లేని చోట కూడా పేరు మాత్రం అదే మిగిలిపోయింది.

కాపలావాడు ఏమడుగుతాడు

రూల్స్ చూసేముందు ఇక్కడ పణంగా ఉన్నదేమిటో చూద్దాం. ఒక ప్రాసెస్ మెమరీ చదవగలిగితే దాని రహస్యాలన్నీ నావే. రాయగలిగితే అంతకన్నా దూరం వెళ్తుంది. నా కోడ్‌ను అందులో పెట్టి నడిపించవచ్చు. అప్పుడు ఆ ప్రాసెస్ తెరిచిన ఫైళ్లు, నెట్‌వర్క్ కనెక్షన్లు, దానికున్న అధికారాలు అన్నీ నా చేతిలోకి వస్తాయి. శరీరం దానిది, ప్రాణం నాది. పరకాయ ప్రవేశమనే మన పాత మాట దీనికి అతికినట్టు సరిపోతుంది. కాబట్టి కాపలావాడి అసలు ప్రశ్న ఒక్కటే: ఇతని దగ్గర ఇప్పటికే లేనిదేదైనా ఆ ప్రాసెస్ దగ్గర ఉందా? ఉంటే లోపలికి పంపకూడదు.

ఈ ప్రశ్న ముక్కలుగా ఇలా వస్తుంది. సొంత మెమరీనే అడుగుతుంటే వెంటనే వదిలేస్తాడు. వేరేదైతే, అడిగినవాడి యూజర్ ఐడీ అవతలి ప్రాసెస్‌కున్న మూడు యూజర్ ఐడీలతోనూ సరిపోవాలి: రియల్, ఎఫెక్టివ్, సేవ్డ్. గ్రూప్ ఐడీలకూ ఇదే లెక్క.

మూడూ ఎందుకు? పాస్‌వర్డ్ మార్చే కమాండ్‌నే చూడండి. దాన్ని నడిపేది నేను, కాబట్టి రియల్ ఐడీ నాదే. కానీ పాస్‌వర్డ్‌ల ఫైల్లో రాయాలంటే రూట్ (మెషీన్ మీద సర్వాధికారాలున్న యూజర్) అధికారం కావాలి, అందుకని సెట్‌యూఐడీ (ప్రోగ్రామ్‌ను నడిపినవాడి బదులు ఫైలు యజమాని అధికారంతో నడిపించే గుర్తు) వల్ల దాని ఎఫెక్టివ్ ఐడీ రూట్. రియల్ ఐడీ ఒక్కటే చూసి వదిలేస్తే, ఆ కమాండ్‌ను నడిపి, దాని మెమరీలో చెయ్యి పెట్టి, క్షణంలో రూట్ అయిపోవచ్చు. ఇక కొన్ని ప్రోగ్రామ్‌లు రూట్ అధికారాన్ని కాసేపు పక్కన పెట్టి, అవసరమైనప్పుడు మళ్లీ తీసుకుంటాయి. పక్కన పెట్టిన ఆ అధికారం సేవ్డ్ ఐడీలో దాగి ఉంటుంది. మూడూ సరిపోవాలనడం అందుకే.

సరిపోకపోతే ఇంకో దారి ఉంది. సిస్ పీట్రేస్ అనే కేపబిలిటీ, అంటే రూట్ అధికారాల్లోంచి విడదీసిన ఒక ముక్క. రూట్‌కు మామూలుగా ఉండేది ఇదే. అది కూడా అవతలి ప్రాసెస్ ఉన్న యూజర్ నేమ్‌స్పేస్‌లో (యూజర్ ఐడీలకు విడిగా గీసిన హద్దు) ఉండాలి. కంటైనర్ లోపల రూట్‌నని చెప్పుకున్నంత మాత్రాన బయటి ప్రాసెస్‌ల మీద పెత్తనం రాదు.

ఐడీలన్నీ సరిపోయినా ఇంకో చిక్కు మిగిలే ఉంటుంది. రూట్‌గా మొదలైన ఒక సర్వర్ ప్రోగ్రామ్‌ను ఊహించండి. మొదట ప్రైవేట్ కీ ఫైలు తెరిచి మెమరీలోకి చదువుకుంది. తర్వాత బుద్ధిగా రూట్ అధికారం పూర్తిగా వదిలేసి మామూలు యూజర్‌గా మారిపోయింది. ఇప్పుడు దాని మూడు ఐడీలూ మామూలువే. కానీ కీ ఇంకా మెమరీలోనే ఉంది. బట్టలు మార్చుకున్నా జేబులోని తాళాలు పోలేదు. దీన్ని పట్టుకోవడానికి ప్రతి ప్రాసెస్ మెమరీకీ డంపబుల్ అని ఒక గుర్తు ఉంటుంది. ఐడీలు ఇలా మారినప్పుడు కెర్నెల్ తనంతట తానే ఆ గుర్తు తీసేస్తుంది. గుర్తు లేని ప్రాసెస్‌ను అదే యూజర్ పేరుమీద అడిగినా ఇవ్వరు. ఎస్‌ఎస్‌హెచ్ ఏజెంట్ అయితే మొదలవగానే ఆ గుర్తును తానే తీసేసుకుంటుంది.

ఆ పేరు చాలామందిని తికమక పెడుతుంది. అది మొదట కోర్ డంప్ కోసం పెట్టిన గుర్తు. ప్రోగ్రామ్ కూలిపోయినప్పుడు దాని మెమరీని ఫైల్లో పడేయవచ్చా లేదా అన్నది దాని పని. ఆలోచిస్తే రెండూ ఒకే ప్రశ్న: ఈ మెమరీలో ఉన్నది ఈ యూజర్ చూడదగినదేనా? అందుకే ఒకే గుర్తుతో రెండు పనులూ నడిచిపోతున్నాయి.

ఇవన్నీ దాటాక చివరగా ఎస్‌ఈలినక్స్, యామా లాంటి సెక్యూరిటీ మాడ్యూళ్ల వంతు. నా జీడీబీని ఆపింది ఇక్కడే.

యామా

ఒకే యూజర్ అంటే ఒకే మనిషి, ఒకే నమ్మకం అన్నది యూనిక్స్ పాత లెక్క. ప్రోగ్రామ్‌లన్నీ తెలిసినవాళ్లే రాసుకున్న రోజుల్లో అది సరిపోయింది. ఇప్పుడు పీడీఎఫ్ చూపించే ప్రోగ్రామ్‌లో ఒక బగ్ ఉంటే చాలు, దాన్ని లొంగదీసుకున్నవాడు పక్కనున్న బ్రౌజర్ మెమరీలోకి నడిచి వెళ్లగలడు. దీన్ని ఆపడానికి కీస్ కుక్ రాసిన మాడ్యూల్ యామా. ఉబుంటు 10.10లోనే ఈ అడ్డు పెట్టారు. అసలు కెర్నెల్‌లోకి 2012లో, 3.4 వెర్షన్‌తో వచ్చింది.

దానికి పీట్రేస్ స్కోప్ అనే ఒక్కటే సెట్టింగ్. 0 అంటే పాత పద్ధతి. 1 అంటే కేపబిలిటీ లేని ప్రాసెస్ తన పిల్లల్ని, వాళ్ల పిల్లల్ని మాత్రమే పట్టుకోగలదు. 2 అంటే కేపబిలిటీ ఉన్నవాళ్లకే. 3 అంటే ఎవరికీ లేదు, మళ్లీ బూట్ చేసేదాకా ఆ సెట్టింగ్ వెనక్కి తిప్పడమూ కుదరదు. నా మెషీన్ మీద 1 ఉంది. జీడీబీ లోపలినుంచే ప్రోగ్రామ్‌ను మొదలుపెట్టి ఉంటే అది జీడీబీకి పిల్ల అయ్యేది, ఏ గొడవా ఉండేది కాదు. వేరే టెర్మినల్లో విడిగా మొదలుపెట్టాను కాబట్టి ఆ రెంటికీ ఏ చుట్టరికమూ లేదు.

యామాను మెచ్చుకుంటూనే దాని హద్దులు కూడా చెప్పాలి. నా పేరుమీద నడిచే చెడ్డ ప్రోగ్రామ్‌కు నా హోమ్ డైరెక్టరీలో రాసే అధికారం ఎలాగూ ఉంది. షెల్ మొదలైనప్పుడు చదివే ఫైల్లో ఒక లైను చేరిస్తే, రేపు నేను తెరిచే ప్రతి ప్రోగ్రామ్‌లోకీ తన లైబ్రరీ ఎక్కించగలదు. పిల్లలైతే పట్టుకోవచ్చు అన్న రూలు ప్రకారం, నా బ్రౌజర్‌ను తానే మొదలుపెట్టేలా చేసుకోగలదు కూడా. కాబట్టి 1 వల్ల దొరికే రక్షణ, ఇప్పటికే నడుస్తున్న ప్రాసెస్‌లను ఈ క్షణంలో దోచుకోకుండా ఆపడం వరకే. అది చిన్న విషయమేమీ కాదు, కానీ చాలామంది అనుకున్నంత పెద్దదీ కాదు.

ఇంకో సంగతి. కాపలావాడి దగ్గర రెండు రకాల అడగడాలు ఉంటాయి: చూడటానికి, చెయ్యి పెట్టడానికి. మెమరీ చదవడం పేరుకు చూడటమే అయినా, మెమ్ ఫైలు, రీడ్‌వీ రెండూ గట్టిదైన రెండో రకం కిందికే వస్తాయి. ప్రాసెస్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ చూపించే ఫైలు మాత్రం తేలికైన మొదటి రకం. యామా రెండో రకాన్ని మాత్రమే ఆపుతుంది. అంటే పీట్రేస్ స్కోప్ 1 పెట్టుకుని నిశ్చింతగా ఉన్న మెషీన్ మీద కూడా, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్లో పెట్టి మొదలుపెట్టిన డేటాబేస్ పాస్‌వర్డ్‌ను అదే యూజర్ పేరుమీద నడిచే ఏ ప్రోగ్రామైనా చదువుకోవచ్చు, ఆ ప్రాసెస్‌కు డంపబుల్ గుర్తు ఉన్నంతవరకు.

ఎవరు అడిగారు సరే, ఎప్పుడు అడిగారు?

ఇప్పటిదాకా చెప్పిన రూల్స్‌లో కష్టమైనదేమీ లేదు. తలకిందులయ్యేది ఎగ్జెక్ దగ్గర, అంటే ఒక ప్రాసెస్ తన ప్రోగ్రామ్‌ను వదిలేసి వేరేదాన్ని ఎక్కించుకునే సిస్టమ్ కాల్ దగ్గర. యూనిక్స్‌లో ప్రాసెస్ నంబరు అలాగే ఉండగా లోపలి మనిషి మారిపోవచ్చు. నా షెల్ ఫోర్క్ చేసిన (తనకు నకలుగా పుట్టించిన) ప్రాసెస్ ఈ క్షణం నాది. మరుక్షణం అది సెట్‌యూఐడీ ప్రోగ్రామ్‌ను ఎగ్జెక్ చేస్తే, నంబరు అదే, తెరిచి ఉన్న ఫైళ్లు అవే, కానీ అది ఇప్పుడు రూట్. ఇందాక నేను పొందిన పర్మిషన్ ఎవరి మీద? అప్పటి మనిషి మీదా, ఇప్పటి మనిషి మీదా?

2012 జనవరిలో బయటపడ్డ బగ్ ఈ ప్రశ్నకు తప్పు సమాధానం చెప్పినందుకు పడ్డ మూల్యం. మెమ్ ఫైల్లోకి రాయడాన్ని చాలా ఏళ్లు ప్రమాదకరమని మూసే ఉంచారు. 2011లో 2.6.39 వెర్షన్‌లో, ఇక సరైన తనిఖీలు ఉన్నాయి కదా అని తెరిచారు. ఆ తనిఖీలు రెండు. రాస్తున్నవాడికి ఆ ప్రాసెస్ మీద అధికారం ఉందా అని రాసే సమయంలో చూడటం మొదటిది. ఫైలు తెరిచిన తర్వాత మధ్యలో ఎగ్జెక్ జరిగిందా అని చూడటం రెండోది. దీనికోసం ప్రతి ప్రాసెస్‌కూ ఎగ్జెక్ అయిన ప్రతిసారీ పెరిగే ఒక కౌంటర్ ఉంటుంది. ఫైలు తెరిచినప్పుడు తెరిచినవాడి కౌంటర్ రాసిపెట్టుకుని, రాసేటప్పుడు రాసేవాడి కౌంటర్‌తో పోల్చేవారు.

దాడి ఇలా సాగింది. యూజర్ మార్చే సూ కమాండ్‌కు లేని యూజర్ పేరిస్తే, ఆ పేరును ఎర్రర్ మెసేజ్‌లో కలిపి స్టాండర్డ్ ఎర్రర్ (తప్పుల మెసేజ్‌లు వెళ్లే దారి) మీద రాస్తుంది. ఆ స్టాండర్డ్ ఎర్రర్ సూ ప్రాసెస్ సొంత మెమ్ ఫైలే అయితే? సూ తన చేత్తో తన మెమరీలోనే రాసుకుంటుంది. యూజర్ పేరు బదులు దాడిచేసేవాడి మెషీన్ కోడ్ ఇస్తే, ఆ కోడ్ వెళ్లి సూ లోపల కూర్చుంటుంది. రాస్తున్నది సూ, రాయించుకుంటున్నదీ సూ. సొంత మెమరీయే కాబట్టి మొదటి తనిఖీ నోరెత్తదు.

రెండో తనిఖీ అడ్డొస్తుంది. సూ గా మారకముందు ఫైలు తెరిస్తే కౌంటర్ ఒకటి వెనకబడి ఉంటుంది. అందుకని ఒక పిల్ల ప్రాసెస్‌ను పుట్టించి, దానిచేత ముందే ఒక ఎగ్జెక్ చేయించారు. దాని కౌంటర్ ఒకటి పెరిగింది. అది తల్లి ప్రాసెస్ మెమ్ ఫైలును తెరిచి, ఆ తెరిచిన ఫైలును సాకెట్ ద్వారా తల్లికి పంపింది. తల్లి దాన్ని తన స్టాండర్డ్ ఎర్రర్‌గా పెట్టుకుని, కోడ్ ఎక్కడ పడాలో ఆ అడ్రస్‌కు సీక్ చేసి (మెసేజ్‌లో యూజర్ పేరుకు ముందు వచ్చే అక్షరాల లెక్క తీసేసి మరీ), అప్పుడు సూ గా మారింది. తల్లి కౌంటర్ కూడా ఒకటి పెరిగి పిల్ల కౌంటర్‌తో సరిగ్గా సమానమైంది. రెండు వేరే ప్రాసెస్‌ల కౌంటర్లు పోల్చుతున్నామన్న సంగతి కెర్నెల్‌కు తట్టలేదు. అంకెలు కలిశాయి, రాయనిచ్చింది, రూట్ షెల్ వచ్చింది.

సెక్యూరిటీ పరిశోధకుడు జేసన్ డోనెన్‌ఫెల్డ్ ఈ దాడిని విడమరిచి రాసిపెట్టాడు. నాకు ఇందులో నచ్చేదేమిటంటే, ఎక్కడా మెమరీ పాడవలేదు, బఫర్ పొంగలేదు. ప్రతి తనిఖీ తన పని తాను నిజాయితీగా చేసింది. తప్పంతా ప్రశ్న వేసిన సమయంలో ఉంది.

లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ పెట్టిన రిపేరు కౌంటర్లను సరిచేయలేదు, వాటిని ఎత్తేసింది. పర్మిషన్ ఉందా లేదా అన్నది ఫైలు తెరిచేటప్పుడే చూస్తారు. చూసి, ఆ క్షణంలో ఆ ప్రాసెస్‌కున్న మెమరీ వర్ణననే ఫైలుకు ముడివేస్తారు. ప్రాసెస్ నంబరుకు ముడివేయరు. తర్వాత ఆ ప్రాసెస్ ఎగ్జెక్ చేసిందనుకోండి, దానికి కొత్త మెమరీ వస్తుంది. నా చేతిలోని ఫైలు మాత్రం పాతదాన్నే చూపిస్తుంది. సూ మెమరీలోకి ఆ ఫైలు ఎప్పటికీ తీసుకెళ్లదు.

దాని వెంటే ఇంకో చిక్కు వచ్చింది. ఫైలు తెరిచి ఉన్నంతకాలం పాత మెమరీని పట్టుకునే ఉంటే, చచ్చిపోయిన ప్రాసెస్‌ల గిగాబైట్లు అలాగే ఉండిపోతాయి. అందుకని రెండు రకాల లెక్కలు వాడతారు. ఫైలు పట్టుకునేది మెమరీ వర్ణన ఉన్న చిన్న స్ట్రక్చర్‌ను మాత్రమే. అసలు పేజీలు వాడేవాళ్లెవరూ లేకపోతే వెళ్లిపోతాయి. ప్రతిసారీ చదివేముందు ఇంకా ఎవరైనా వాడుతున్నారా అని చూసి, లేకపోతే ఫైలు అయిపోయినట్టు సున్నా బైట్లు ఇస్తారు.

రీడ్‌వీలో తెరవడమంటూ లేదు. అడగడం, చదవడం ఒకే కాల్‌లో జరుగుతాయి. అయినా ఆ కాల్ లోపలే సన్నటి సందు ఉంది. పాత అధికారాలు చూసి సరే అనుకున్నాక, మెమరీ చేతికి తీసుకునేలోపు అవతలివాడు ఎగ్జెక్ పూర్తిచేస్తే, చూసింది పాత మనిషిని, పట్టుకుంది కొత్త మనిషి మెమరీని. కాబట్టి రెండు పనులూ ఒకే లాక్ (ఒకరు పట్టుకుంటే రెండోవాళ్లు ఆగాల్సిన తాళం) కింద జరగాలి, ఎగ్జెక్ కూడా అదే లాక్ తీసుకోవాలి. ఒకప్పుడు ఇందుకు వాడిన లాక్‌ను ఎగ్జెక్ మరీ ఎక్కువసేపు పట్టుకునేది. తన మిగతా థ్రెడ్లు (ఒకే ప్రాసెస్‌లో పక్కపక్కన నడిచే పనులు) చావాలని ఎగ్జెక్ ఎదురుచూస్తుంటే, వాటిలో ఒక థ్రెడ్ డీబగ్గర్ తనను పలకరించాలని ఎదురుచూస్తుంది, డీబగ్గరేమో ఆ లాక్ కోసమే ఎదురుచూస్తుంది. ముగ్గురూ కదలరు. 2020లో దాన్ని విడగొట్టి, అధికారాలు, మెమరీ మారే కాస్త సమయానికే పట్టుకునే లాక్ పెట్టారు.

విండోస్ ఈ చోట నిశ్చింతగా ఉంది. అక్కడ ముందు ఓపెన్ ప్రాసెస్ అని అడిగి, చదవడానికా రాయడానికా అని చెప్పి హ్యాండిల్ తీసుకోవాలి. తనిఖీ అక్కడే అయిపోతుంది, తర్వాత చదివేది ఆ హ్యాండిల్‌తోనే. పైగా విండోస్‌లో ఎగ్జెక్ లేదు. కొత్త ప్రోగ్రామ్ అంటే కొత్త ప్రాసెసే. ఒకే నంబరు కింద మనుషులు మారరు కాబట్టి ఈ జాతి బగ్‌లకు అక్కడ నేలే లేదు. ఫోర్క్, ఎగ్జెక్‌ల అందాన్ని పొగిడేటప్పుడు ఈ ఖర్చు ఎవరూ లెక్కలో వేయరు.

పేజీ వద్దన్నా రాసే అధికారం

తలుపు దాటాక కూడా ఒక మెలిక మిగిలింది. ప్రోగ్రామ్ కోడ్ ఉన్న పేజీలు చదవడానికి మాత్రమే. మరి డీబగ్గర్ బ్రేక్‌పాయింట్ (ప్రోగ్రామ్ ఆగాల్సిన చోటి గుర్తు) ఎలా పెడుతుంది? ఎక్స్86 మీద ఆ చోట ఉన్న ఇన్‌స్ట్రక్షన్ మొదటి బైట్‌ను తీసేసి 204 అనే బైట్ పెడుతుంది. అంటే రాయకూడని పేజీలో రాయాలి. దానికోసం కెర్నెల్‌లో ఫోల్ ఫోర్స్ అనే ఫ్లాగ్ ఉంది. పేజీ పర్మిషన్ పక్కన పెట్టి, ఆ పేజీకి ప్రైవేట్ కాపీ తీసి అందులో రాయమని అర్థం. అసలు ఫైలు చెక్కుచెదరదు. పీట్రేస్‌తో రాసినా మెమ్ ఫైల్లో రాసినా ఇదే దారి.

2016 అక్టోబరులో బయటపడ్డ డర్టీ కౌ అనే బగ్ ఈ దారిలోనే పుట్టింది. కెర్నెల్ ప్రైవేట్ కాపీ తీసి, "కాపీ అయిపోయింది, ఇక రాసే పర్మిషన్ అడగక్కర్లేదు" అని గుర్తుపెట్టుకుంటుంది. సరిగ్గా ఆ సందులో ఇంకో థ్రెడ్ ఆ కాపీని పారేయమంటే పోతుంది. కెర్నెల్ మళ్లీ పేజీ కోసం వెళ్తుంది, ఈసారి దొరికేది అసలు ఫైలు పేజీ. రాసే పర్మిషన్ అడగడం ఎలాగూ మానేసింది కాబట్టి నేరుగా దానిలోనే రాసేస్తుంది. మామూలు యూజర్ రూట్ ఫైళ్లను మార్చగలిగాడు. 2007 నాటి 2.6.22 నుంచీ ఇది కెర్నెల్‌లో ఉంది. చాలా ఏళ్ల కిందట తాను ఒకసారి దీన్ని సరిచేయబోయి సరిగ్గా చేయలేకపోయానని లైనస్ ప్యాచ్‌లోనే ఒప్పుకున్నాడు.

ఆ బగ్ పోయినా ఫ్లాగ్ పోలేదు. 2024 నవంబరులో వచ్చిన 6.12 వెర్షన్‌లో దాన్ని కట్టడి చేసే సెట్టింగ్ పెట్టారు. మెమ్ ఫైలు ద్వారా ఇలా బలవంతంగా రాయడాన్ని ఎప్పటిలాగే వదిలేయవచ్చు, అప్పటికే పీట్రేస్‌తో పట్టుకున్న డీబగ్గర్‌కే ఇవ్వవచ్చు, లేదా ఎవరికీ ఇవ్వకపోవచ్చు. నా మటుకు నాకు మధ్యదే సబబనిపిస్తుంది. డీబగ్గర్ ఆగదు, మిగతావాళ్లకు ఆ అవసరం దాదాపు ఉండదు.

రూట్‌కైనా అన్నీ దొరుకుతాయా అంటే, అదీ మారుతోంది. విండోస్ 8.1 నుంచి లాగిన్ రహస్యాలు పట్టుకునే ప్రాసెస్‌ను రక్షిత ప్రాసెస్‌గా నడపవచ్చు. అప్పుడు అడ్మిన్‌కు డీబగ్ అధికారం ఉన్నా దాని మెమరీ చదవనివ్వదు. మ్యాక్‌లో యాపిల్ సొంత ప్రోగ్రామ్‌ల మెమరీలోకి రూట్ కూడా వెళ్లలేకుండా సిస్టమ్ ఇంటెగ్రిటీ ప్రొటెక్షన్ ఆపుతుంది.

నా బిగుసుకుపోయిన ప్రోగ్రామ్ విషయానికొస్తే, పీట్రేస్ స్కోప్‌ను 0 చేయమని ఇంటర్నెట్‌లో వందమంది చెప్తారు. ఆ పని చేయలేదు. ఒక్క ప్రోగ్రామ్ కోసం మెషీన్ మీద ఉన్న అన్నిటి తలుపులూ తెరిచినట్టవుతుంది. ఆ రోజుకు సుడోతో, అంటే రూట్‌గా, జీడీబీ నడిపి పని కానిచ్చాను. తర్వాత ప్రోగ్రామ్ డీబగ్ బిల్డ్‌లో ఒక లైను చేర్చాను. నన్ను ఎవరైనా ట్రేస్ చేయవచ్చని ప్రాసెస్ తనకు తానుగా యామాకు చెప్పుకునే పీఆర్‌సీటీఎల్ కాల్ అది. క్రాష్ రిపోర్టర్లు వాడేదీ ఇదే, కాకపోతే అవి "ఎవరైనా" అనకుండా ఫలానా ప్రాసెస్ నంబరు మాత్రమే అని చెప్తాయి. రిలీజ్ బిల్డ్‌లో ఆ లైను ఉండదు.